చిన్న ఫైర్ మ్యూజియంలో ఏం చూడాలి? ఒక పాత ఫైర్‌మన్ జవాబులు

ఫైర్ సర్వీసులో 32 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఎక్కడికి వెళ్లినా పాత ఫైర్ స్టేషన్ కనిపిస్తే ఆగిపోతాను, ఇంట్లోవాళ్లకి అదో విసుగు. పాత స్టేషన్లలో పెట్టిన చిన్న చిన్న మ్యూజియంల గురించి కిందటిసారి ఈ శీర్షికలో నాలుగు మాటలు రాస్తే, అనుకున్నదానికంటే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఈసారి జవాబులన్నీ వాటికే.

పాత ఫైర్ స్టేషన్‌లో పెట్టిన మ్యూజియంకి పిల్లల్ని తీసుకెళ్లాం. రెండు గదులు, ఒక పాత బండి, గోడకి హెల్మెట్లు. ఇరవై నిమిషాల్లో బయటికొచ్చేశాం. చూడటం మాకు చేతకాలేదా, అక్కడ నిజంగానే ఏమీ లేదా? (ఇద్దరు పిల్లల తల్లి)

చేతకాకపోవడం కాదమ్మా. అక్కడున్న వాటిలో అన్నిటికంటే పెద్ద వస్తువుని చూడకుండా దాన్లోంచే నడిచి లోపలికెళ్లారు. ఆ భవనం గురించే చెబుతున్నాను.

ఈసారి వెళ్తే ముందు వాకిట్లోనే పది నిమిషాలు ఆగండి. తలుపుల వెడల్పు చూడండి. గుర్రాలు లాగే బండికి సరిపడా కట్టినవి అవి. ఇప్పటి ఫైర్ ఇంజన్ అందులో పట్టదు. ఒకవేళ పట్టినా, కింద నేలమాళిగ ఉన్న స్టేషన్ అయితే నిండు ట్యాంకుతో ఉన్న బండి బరువుని ఆ నేల మోయలేదు. చాలా పాత స్టేషన్లు ఖాళీ అయి మ్యూజియంలు అయింది అందుకే. బండి పెరిగింది, ఇల్లు పెరగలేదు.

తర్వాత నేల. వాలుగా ఉంటుంది, ఎక్కడో ఒకచోట నీళ్లు పోయే కాలవ ఉంటుంది. బండి నిలబెట్టే చోట నేలలోంచి పొడుచుకొచ్చిన పైపు మొదలు గానీ, దాని మీది మూత గానీ కనిపిస్తే పిల్లలకి చూపించండి. ఆవిరి పంపుల కాలంలో ఉన్న ఏర్పాటు అది. ఆవిరి రావాలంటే నీళ్లు మరగాలి, మంటేమో ఆగదు. అందుకని కింద ఇంకో బాయిలర్ పెట్టి, ఆ వేడినీళ్లని పైపులో పంపి బండి బాయిలర్‌ని రాత్రీ పగలూ వెచ్చగా ఉంచేవాళ్లు. కాల్ రాగానే బండి కదిలేది, పైపు ఊడిపోయేది, దారిలో పొయ్యి అంటించుకుంటూ వెళ్లేవాళ్లు.

ఇక వెనక ఉండే ఎత్తైన గోపురం. మంట ఎక్కడుందో చూడటానికి అని అందరూ అనుకుంటారు. కొన్నిచోట్ల అందుకే కట్టారు కూడా. కానీ చాలా స్టేషన్లలో దాని అసలు పని హోస్ పైపులు ఆరేయడం. కాన్వాస్ పైపుని తడిగా చుట్టిపెడితే బూజు పట్టి కుళ్లుతుంది. తర్వాతి కాల్‌లో నీళ్లు వదలగానే నడిమికి చిరుగుతుంది. నేను చేరిన కొత్తలో మంట ఆర్పడం కంటే ఈ పనికే ఎక్కువ భయపడేవాణ్ని. తెల్లవారుజామున మూడింటికి వెనక్కొస్తాం, ఒళ్లంతా మసి, కళ్లు మూతలు పడుతుంటాయి. అప్పుడు మొదలవుతుంది పైపులు కడగడం. 15 మీటర్ల పైపు తడిస్తే ఒడ్డున పడ్డ చేపలా జారిపోతుంది, చేతికి చిక్కదు. దాన్ని తాడుకి కట్టి పైకి లాగాలి. ఒకటి కాదు, పది. అన్నీ పైకెక్కాకే మంచం.

మీ పిల్లల్ని ఆ గోపురం అడుగున నిలబెట్టి తల పైకెత్తమనండి. పైన కప్పీలు ఇంకా ఉంటే అదృష్టం.

మా స్కూల్ వాళ్లు తీసుకెళ్లినప్పుడు పైకప్పులో బొక్క, దాంట్లోంచి ఇత్తడి గొట్టం చూశాను. అది ఎవరు కనిపెట్టారు? ఇంకోటి, ఏనుగు తొండంలా గొట్టాలు వేలాడే ఒక ముసుగు ఉంది. అదేంటి? (అయిదో తరగతి)

మంచి కళ్లు బాబూ నీవి. గొట్టం కథ 1878లో షికాగోలో మొదలైంది. డేవిడ్ కెన్యన్ అనే కెప్టెన్ ఉండేవాడు, ఆయన కింద పనిచేసేవాళ్లంతా నల్లజాతి ఫైర్‌మన్లు. గుర్రాల గడ్డిని పై అంతస్తులో దాచేవాళ్లు, దాన్ని ఎత్తడానికి ఒక పొడవాటి కర్ర ఉండేది. ఒకసారి కాల్ వస్తే ఒకతను మెట్లు దిగకుండా ఆ కర్ర పట్టుకుని జర్రున జారి, అందరికంటే ముందు కిందికొచ్చాడు. కెన్యన్ పై అధికారుల్ని ఒప్పించి, నేలకి రంధ్రం కొట్టించి, చెక్క స్తంభం పెట్టించాడు. మొదట్లో మిగతా స్టేషన్ల వాళ్లు నవ్వారు. వీళ్లే మంట దగ్గరికి ముందు చేరుతుంటే నవ్వులు ఆగిపోయాయి. రెండేళ్లకి బోస్టన్‌లో ఇత్తడిది వచ్చింది.

జారడం సరదాగానే ఉంటుంది కానీ చీలమండలు విరగ్గొట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు. అందుకే కొత్త స్టేషన్లలో చాలాచోట్ల మానేశారు. మ్యూజియంలో జారనివ్వకపోతే అలగకు.

ఆ ముసుగు పొగలోకి వెళ్లడానికి. గొట్టాలు నేల దాకా ఎందుకు వేలాడతాయో తెలుసా? పొగ వేడిగా ఉంటుంది, పైకి పోతుంది. మిగిలిన కాస్త మంచి గాలి నేలను అంటుకుని ఉంటుంది. అక్కణ్నుంచి పీల్చుకోవాలని. అలాంటి ముసుగుకి అమెరికాలో గారెట్ మోర్గాన్ 1914లో పేటెంట్ తీసుకున్నాడు. 1916లో క్లీవ్‌లాండ్ దగ్గర ఈరీ సరస్సు అడుగున తవ్వుతున్న సొరంగంలో పేలుడు జరిగితే, ఆయనే తన సోదరుడితో కలిసి ఆ ముసుగులు తగిలించుకుని లోపలికి దిగి మనుషుల్ని బయటికి తెచ్చాడు. అమ్మేవాడే ముందు తొడుక్కుని దిగాడన్నమాట. నువ్వు కూడా ఇంట్లో ఎప్పుడైనా పొగ కమ్మితే నిలబడి పరిగెత్తకు, పాక్కుంటూ బయటికి రా.

విద్యార్థుల్ని తీసుకెళ్లాలనుకుంటున్నాను. తోలు బకెట్లు, చేత్తో కొట్టే పంపు ఉన్నాయట. వాటి గురించి పాఠంలా కాకుండా ఎలా చెప్పాలి? (సైన్స్ ఉపాధ్యాయుడు)

చెప్పకండి మాస్టారూ, చేయించండి. వెళ్లకముందే స్కూల్ ఆవరణలో పిల్లల్ని రెండు వరసల్లో నిలబెట్టండి. ఒక వరస నిండు బకెట్లు అందిస్తుంది, రెండోది ఖాళీవి వెనక్కి పంపుతుంది. ఆ చివర ఒక డ్రమ్ము పెట్టి, పది నిమిషాల్లో ఎంత నిండిందో కొలవండి. సగం నీళ్లు దారిలో ఒలుకుతాయి, వాళ్ల బట్టలు తడుస్తాయి, భుజాలు లాగుతాయి. శతాబ్దాల పాటు ఊళ్లు ఇలాగే మంటలార్పుకున్నాయి. ఆ తర్వాత మ్యూజియంలో తోలు బకెట్ చూస్తే పిల్లలు దాని పట్టీ వైపే చూస్తారు, మీరు వేలు పెట్టి చూపించక్కర్లేదు. తోలు ఎందుకంటే కింద పడేసినా పగలదు, చెక్క బకెట్‌లా వాడనప్పుడు ఎండి బీటలివ్వదు. చాలావాటి మీద ఇంటి యజమాని పేరు రాసి ఉంటుంది, మంట ఆరాక ఎవరిది వాళ్లు పట్టుకుపోవాలిగా!

ఇక పంపు. ఇది మీ సబ్జెక్టే. రెండు సిలిండర్లు పక్కపక్కన పెట్టి, ఒకటి పీలుస్తుంటే ఇంకోటి తోసేలా చేసిన పంపు క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ చేశాడు. మ్యూజియంలో పిల్లలు చూడబోయేది దాని మునిమనవడిని. వాళ్లని ఒక ప్రశ్న అడగండి: కడ్డీ పైకీ కిందికీ పోతుంటే నీళ్లు కూడా ఆగి ఆగి రావాలి కదా, ధార ఏకంగా ఎలా వస్తుంది? జవాబు పంపు మధ్యలో ఉండే గుండ్రటి రాగి గదిలో ఉంది. దాని నిండా గాలి. నీళ్లు తోసుకొస్తే గాలి నలిగిపోతుంది, తోపు ఆగిన క్షణంలో అదే గాలి వ్యాకోచించి నీళ్లని ముందుకు నెడుతుంది. లండన్‌లో రిచర్డ్ న్యూషమ్ 1720ల్లో చేసిన పంపులు ఈ గాలి గదితోనే పేరు తెచ్చుకున్నాయి.

మరి పంపు వచ్చినంత మాత్రాన మంట దగ్గరికి నీళ్లు చేరతాయా? మొదట్లో పంపు నెత్తిన బిగించిన లోహపు గొట్టంలోంచే నీళ్లు చిమ్మేవి. అంటే ఇంటి బయట నిలబడి, కిటికీలోకి గురి చూసి కొట్టడమే. దీనికి మందు కనిపెట్టింది ఇంజనీరు కాదు, చిత్రకారుడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ వాన్ డర్ హైడెన్ అని, ఇళ్ల బొమ్మలు ఒక్కో ఇటుక లెక్కపెట్టినట్టు గీసేవాడు. తన సోదరుడితో కలిసి 1670ల్లో కుట్టిన తోలు పైపు తయారు చేశాడు. దాంతో మనిషి నీళ్లు పట్టుకుని గదిలోకి నడవగలిగాడు. నా దృష్టిలో ఫైర్‌మన్ అనేవాడు పుట్టింది అప్పుడే. అంతకు ముందు ఉన్నది నీళ్లు మోసేవాడు.

కుట్లు ఒత్తిడికి ఊడిపోయేవి. 19వ శతాబ్దం మొదట్లో ఫిలడెల్ఫియాలో కుట్ల బదులు రాగి రివెట్లు కొట్టారు. మ్యూజియంలో తోలు పైపు ముక్క ఉంటే అంచు చూడండి. కుట్టా, రివెట్టా అన్నదాన్ని బట్టి అది ఎప్పటిదో మీరే ఉజ్జాయింపుగా చెప్పేయొచ్చు.

ఒక్కటి మరిచిపోవద్దు. పెద్ద పంపులకి ఒక్కో పక్క పదిమంది నిలబడి నిమిషానికి 60 సార్లు దాకా కొట్టాలి. కొద్ది నిమిషాలకే చేతులు పడిపోతాయి, ఇంకో జట్టు రావాలి. కడ్డీ మీద చేతులు పట్టే చోట చెక్క ఎలా అరిగి నున్నబడిందో చూడమనండి.

గాజు పెట్టెలో ఇత్తడి కప్లింగులు, అంటే హోస్ పైపుల్ని కలిపే బిగింపులు, వరసగా పెట్టారు, ఇరవై దాకా ఉంటాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఇన్ని ఎందుకు పెట్టినట్టు? (మెకానిక్)

ఒకేలా లేవు అన్నా, మరలు చూడండి. మీ వృత్తివాళ్లకి ఆ పెట్టె ముందు కన్నీళ్లు రావాలి.

1904 ఫిబ్రవరి 7న బాల్టిమోర్ నగరంలో మంట లేచింది. టెలిగ్రాఫ్ కొడితే వాషింగ్టన్ నుంచి పంపుల్ని రైలెక్కించి పంపారు. ఫిలడెల్ఫియా నుంచి, ఇంకా చాలా ఊళ్ల నుంచి వచ్చారు. మనుషులున్నారు, బండ్లున్నాయి, వీధిలో నీళ్లున్నాయి. పైపు తీసుకెళ్లి వీధిలో నీళ్లు పట్టుకునే కొళాయికి, అంటే హైడ్రెంట్‌కి పెడితే మర ఎక్కలేదు. ఒక్కో ఊరు ఒక్కో కొలతతో చేయించుకుంది. కాన్వాస్ చుట్టి కట్టి ఎలాగో నీళ్లు తీద్దామని చూశారు, సగం కారిపోయాయి. మంట 30 గంటలు మండి 1500కు పైగా భవనాల్ని మింగింది. తర్వాత లెక్క తీస్తే ఆ దేశంలో 600కు పైగా రకాల కప్లింగులు తేలాయి. మరుసటి ఏడాదే ఒక ప్రామాణిక కొలత తయారైంది, అయినా ఊళ్లన్నీ ఒప్పుకుని మారడానికి దశాబ్దాలు పట్టింది.

మాకు సర్వీసులో నొక్కితే టక్కున పట్టే రకం ఉండేది. చీకట్లో, తడి చేతులతో, ఆ టక్కు వినిపించేదాకా ఊపిరి బిగబట్టేవాణ్ని. ఒక రాత్రి మా పైపుకీ, పక్క జిల్లా నుంచి సాయం వచ్చినవాళ్ల పైపుకీ పొంతన కుదరలేదు. అడాప్టర్ ఏ పెట్టెలో ఉందో వెతకడానికి పట్టింది రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల టెన్షన్ ఇప్పటికీ కలలో వస్తుంది.

పాత ఇళ్ల గోడలకి కొట్టిన బీమా కంపెనీ రేకు బిళ్ల మ్యూజియంలో చూశాను. ఆ బిళ్ల లేని ఇంటిని ఫైర్‌మన్లు తగలబడనిచ్చేవాళ్లని గైడ్ చెప్పాడు. నిజమేనా?

కథ బాగుంటుంది కాబట్టి బతికింది. 1666లో లండన్ నాలుగు రోజులు తగలబడి 13,200 ఇళ్లు పోయాక అగ్ని బీమా పుట్టిన మాట నిజం. కంపెనీలు సొంత జట్లు పెట్టుకున్నదీ, ఇంటి మీద సీసపు గుర్తులు కొట్టిందీ నిజమే. కానీ మంటలో వదిలేసి వెళ్లారనడానికి ఆధారాలు బలంగా లేవు. పైగా ఆలోచించండి: గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు, బీమా లేని ఇల్లు కాలితే పక్కనే ఉన్న బీమా ఇల్లు ఆగుతుందా? మొదట చేరిన పంపుకి బహుమతి డబ్బు ఇవ్వాలన్న చట్టం కూడా 18వ శతాబ్దం మొదట్లోనే అక్కడ వచ్చింది. గైడ్ మీద కోప్పడకండి. ఈ కథ నేనూ పదేళ్లు చెప్పాను.

గుర్రాలు గంట వినగానే వాటంతటవే బండి దగ్గరికి వెళ్లేవట. అతిశయోక్తి కాదా?

కాదు. గంట మోగగానే కొట్టం తలుపులు తెరుచుకునేవి, గుర్రం నడిచొచ్చి తన చోట నిలబడేది. జీను, పట్టీలు అన్నీ పైకప్పు నుంచి వేలాడుతూ ఉండేవి, లాగితే దాని వీపు మీదికి దిగేవి, మెడ దగ్గర ఒక్క నొక్కుతో బిగిసేవి. పైకప్పులో ఆ కొక్కేలు ఉన్నాయేమో వెతకండి. చుట్టు మెట్లు ఉంటే, గుర్రాలు వంట వాసనకి పైకి ఎక్కకుండా అలా కట్టారని చెబుతారు. న్యూయార్క్‌లో ఆఖరి ఫైర్ గుర్రాలు 1922 డిసెంబర్‌లో పని మానాయి. కొట్టం చెక్క మిగిలి ఉంటే దాని అంచు మీద పంటిగాట్లు కనిపిస్తాయి. కాల్ లేని రోజుల్లో ఏం తోచక కొరికినవి. కాల్ లేని రోజు మేమూ దాదాపు అంతే.

మా తాతగారి పెట్టెలో నీలం గాజు గోళం దొరికింది, లోపల ఏదో ద్రవం. మ్యూజియంలో ఇలాంటిదే చూశాం, మంట మీద విసిరేవాళ్లట. షెల్ఫులో పెట్టుకోవచ్చా?

వద్దు. పాతవాటిలో ఉప్పునీళ్లు ఉండేవి, వాటితో ప్రమాదం లేదు. తర్వాత వచ్చినవాటిలో కార్బన్ టెట్రాక్లోరైడ్ పోశారు. అది ఊపిరితో లోపలికి పోతే కాలేయానికి దెబ్బ. వేడి తగిలితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలింది అదే. లోపల ఏముందో పైనుంచి చూసి తేల్చలేం. కదపకుండా, ఊపకుండా, పిల్లలకి అందకుండా పెట్టి దగ్గరి ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేయండి. మూత తీసి వాసన మాత్రం చూడకండి.

ఇలాంటి మ్యూజియం అన్నిటిలో ఒక గోడ నిండా చనిపోయినవాళ్ల పేర్లుంటాయి. పిల్లలతో వెళ్లినప్పుడు అక్కడ ఏం మాట్లాడాలో తెలియదు.

పేర్లన్నీ చదవక్కర్లేదు. ఒక్కరి గురించి చెప్పండి చాలు. నేనైతే జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ గురించి చెబుతాను. 1824లో, 24 ఏళ్ల వయసులో ఎడిన్‌బరోలో ఫైర్ జట్టుకి పెద్ద అయ్యాడు. బయట నిలబడి నీళ్లు చల్లడం కాదు, లోపలికి వెళ్లి మంట మొదట్లో కొట్టాలని పట్టుబట్టి, రాత్రిపూట కసరత్తు చేయించేవాడు. తర్వాత లండన్ జట్టు నడిపాడు. 1861 జూన్ 22న టూలీ వీధి గోదాముల మంటలో, తన మనుషుల మధ్య తిరుగుతుండగా గోడ కూలి చనిపోయాడు. ఆ మంట పూర్తిగా ఆరడానికి రెండు వారాలు పట్టింది.

అయినా నాకు గోడ మీద పేర్లలో అన్నిటికంటే ఆప్తుడు పేరు లేనివాడు. క్రీస్తుశకం 6లో అగస్టస్ చక్రవర్తి రోమ్‌కి విజిలెస్ అని రాత్రి కాపలా జట్లు పెట్టాడు, మంటలార్పడం వాళ్ల ముఖ్యమైన పని. వాళ్లు ఉంటూ కాపలా కాసిన ఒక ఇల్లు 19వ శతాబ్దంలో తవ్వకాల్లో బయటపడింది. అంటే అదీ పాత ఫైర్ స్టేషనే! దాని గోడల నిండా డ్యూటీలో ఉన్నవాళ్లు గీకిన రాతలు. వాటిలో ఒకడు రాసింది ఇదీ: అలిసిపోయాను, నా బదులు ఇంకొకర్ని పంపండి. నా మొదటి ఏడాది డ్యూటీ పుస్తకంలో నేను రాయాలనుకుని రాయనిది ఆ ఒక్క వాక్యమే.

మా నాన్నగారు ఫైర్‌మన్. ఆయన పోయాక హెల్మెట్, కోటు ఇంట్లోనే ఉన్నాయి. దగ్గర్లోని చిన్న మ్యూజియం వాళ్లు అడుగుతున్నారు. ఇవ్వనా? పాలిష్ చేసి ఇవ్వాలా? (ఒక కూతురు)

ఇవ్వమ్మా. కానీ పాలిష్ చేయకు. మెరిసే హెల్మెట్లు వాళ్ల దగ్గర చాలానే ఉంటాయి. లండన్‌లో 1866 నుంచి వాడిన ఇత్తడివి చూసే ఉంటావు, అందంగా ఉంటాయి. ఇళ్లలోకి కరెంటు వచ్చాక అదే ఇత్తడి షాక్ కొట్టే ప్రమాదం తెచ్చింది, 1930ల్లో మార్చేశారు. నాన్నగారి హెల్మెట్ మీద సొట్ట ఎక్కడుందో, రంగు ఎక్కడ బుడగలెత్తిందో అలాగే ఉండనివ్వు.

మసి సంగతి మాత్రం విను. మా రోజుల్లో కోటు ఎంత నల్లగా ఉంటే అంత గొప్ప. ఉతికితే కొత్తవాడిలా కనిపిస్తామని సిగ్గు. ఆ మసిలో ఏముందో తర్వాత తెలిసింది. 2022లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫైర్‌మన్ ఉద్యోగాన్నే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అందుకని కోటుని పిల్లలకి తొడిగి ఫోటోలు తీయొద్దు. గ్లవ్స్ వేసుకుని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టు. లోపల మసి ఉందని మ్యూజియం వాళ్లకి చెప్పు.

దాంతోపాటు ఒక కాగితం ఇవ్వు. ఆయన ఎన్నేళ్లు చేశారు, ఏ బండి మీద, బ్రాంచ్ (నీళ్లు చిమ్మే పైపు మూతి) పట్టేవారా, నిచ్చెన ఎక్కేవారా. ఇంటికొచ్చాక మొదట ఏం చేసేవారో కూడా రాయి. చేతులు కడుక్కునేవారా, నిన్ను ఎత్తుకునేవారా, అలాగే కుర్చీలో నిద్రపోయేవారా? మ్యూజియం వాళ్ల చీటీ మీద హెల్మెట్, ఉక్కు, ఫలానా సంవత్సరం అని మాత్రమే ఉంటుంది. మిగతాది నీకు తప్ప ఎవరికీ తెలీదు.